కంచెకు బయట మిగిలిన రాళ్ళు

"కంచె ఎవరు వేశారు పెద్దమ్మా?"

"నేనే ఏసిన."

"నువ్వే వేశావు కదా. లోపలున్న రాళ్ళలో ఒక్కదాన్ని ముట్టుకున్నామా మేము? ఒక్క పెళ్ల ఊడిందా?"

"ఊడలే. నేనంటుంది లోపలియి గాదు, బయటియి. గవి గూడ గప్పటియే బాబూ. లోపలియి ఎంత పాతయో బయటియి గంతే పాతయి."

"అంత పాతవైతే కంచె వేసేనాడే లోపల పెట్టుకోవాల్సింది. బయట వదిలేసి, ఇప్పుడు నావి అంటే ఎలా?"

"నాయి అని ఎవరన్నరు? గవర్నమెంటుయి."

"ఆ గవర్నమెంటే ఈ రోడ్డు వేయిస్తోంది. మీ గవర్నమెంటు వేరు, మా గవర్నమెంటు వేరా?"

"తీగ సాలలే. సాలక లోపలికి జరిపి ఏసిన."

"తీగ చాలలేదని ఎక్కడైనా రాసుందా? నా దగ్గరున్న మ్యాపులో అయితే లేదు మరి."

నిజమే, ఆ మాట ఎక్కడా రాసి లేదు. ఇప్పటికీ లేదు.

నాతో వాదిస్తున్నది శ్రీనివాస్. ఆ రోడ్డు పనికి సూపర్‌వైజరు, మధిర పక్క మనిషి. చెడ్డవాడేమీ కాదు. అరుస్తూనే తన ఫ్లాస్కులో టీ నాకు సగం పోసేవాడు. మేమిద్దరం నిలబడి ఉన్నది జూలూరుపాడుకూ చండ్రుగొండకూ మధ్య, అడవి అంచున, మా ఊరి గుట్ట కింద. అక్కడ రాకాసి గూళ్ళు ఉన్నాయి. నాలుగు పలకరాళ్ళు నిలబెట్టి, పైన ఏనుగంత బండ కప్పిన పూర్వకాలపు సమాధులు. పెద్దవి పదకొండు. వాటికి దక్షిణంగా, నేలకు ఆనినట్టు గుండ్రంగా పేర్చిన చిన్న వలయాలు ఏడు. వాటికి పైబండలు లేవు. తెలియనివాళ్ళకు చేను చదును చేసి పారేసిన రాళ్ళలాగే కనిపిస్తాయి. ఆ వలయాల పక్కనే ఊరివాళ్ళు తమవాళ్ళ కోసం నిలబెట్టుకున్న రాళ్ళు ముప్పై నాలుగు. పెద్ద గూళ్ళు పదకొండూ నా కంచె లోపల ఉన్నాయి. మిగిలినవన్నీ బయట, రోడ్డు గీతలో ఉన్నాయి.

"రేపు పొద్దున ఏడింటికి మిషన్ వస్తుంది," అన్నాడు శ్రీనివాస్. "ఈలోపు మీ సారు చేత ఒక కాగితం ముక్క తెప్పించు. కాగితం లేకపోతే ఒక ఫోనన్నా చేయించు. మిషన్‌ని అవతల కల్వర్టు దగ్గరికి పంపేస్తా. నాకేమన్నా ఈ రాళ్ళ మీద పగా?"

అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది.

పని

నేను మూడో తరగతి వరకే చదివాను. ఈ రాసినదంతా నా మనవరాలు అక్షరాలు సరిచేసి మళ్ళీ రాస్తోంది. మాటలు మాత్రం మార్చవద్దని చెప్పాను. కొత్తగా కావలి పనిలో చేరినవాళ్ళకు నాలుగు మంచి మాటలు రాయమని మా పురావస్తు శాఖ ఆఫీసువాళ్ళు అడిగారు. మంచి మాటలు నా దగ్గర ఎక్కువ లేవు. జరిగింది రాస్తాను.

మా ఆయన ఇదే పని చేస్తూ జ్వరంతో పోతే ఆ పని నాకిచ్చారు. పర్మనెంటు అయ్యేసరికి జుట్టు నెరిసింది. ఆ గోల ఇక్కడ వద్దు.

కావలి అంటే కర్ర పట్టుకుని నీడకు కూర్చోవడం అనుకుంటారు. నేను కూర్చున్న రోజులు తక్కువ. పొద్దున్నే పొరక పట్టుకుని అన్ని గూళ్ళూ ఊడ్చాలి. వానాకాలంలో మోకాలెత్తు గడ్డి మొలుస్తుంది, దాన్ని కొడవలితో కోయాలి, పీకకూడదు. పీకితే వేరుతో పాటు మట్టి వస్తుంది, మట్టి వస్తే పలక వదులవుతుంది. మేకలు బండలెక్కి ఆడతాయి, దిగగొట్టాలి. కింద బంగారం ఉందని గడ్డపారలతో వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళంటే నేను ఎన్నడూ భయపడలేదు. తప్పు చేస్తున్నామని వాళ్ళకు తెలుసు, గట్టిగా దగ్గితే పరుగెడతారు.

అన్నిటికన్నా నన్ను విసిగించింది రాళ్ళ మీద పేర్లు రాసేవాళ్ళు. మేకుతో గీకుతారు, బొగ్గుతో రాస్తారు, సుద్దతో బాణం గుర్తు వేసి గుండెకాయ బొమ్మ గీస్తారు. ఎవరినీ వదల్లేదు నేను. బోరింగు దగ్గర్నుంచి నీళ్ళు వాళ్ళతోనే మోయించి, కొబ్బరి పీచు చేతికిచ్చి కడిగించేదాన్ని. ఒకసారి భద్రాచలం పోయి వస్తున్న కొత్త జంట ఆగింది. పెళ్ళికొడుకు బొగ్గు ముక్కతో పెళ్ళాం పేరు రాశాడు. నేను పీచు చేతికిచ్చాను. అతను సిగ్గుతో రుద్దుతుంటే ఆ పిల్ల పక్కన నిలబడి, "ఇంక గట్టిగ రుద్దు. నా పేరు సగమే పోయింది, మా ఇంటి పేరు ఇంక కనబడుతుంది," అని నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. రాయి మీద రాత వద్దంటే వద్దు. బొగ్గయినా ఒకటే, మేకయినా ఒకటే. ఇది నా నియమం. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

ఖాసిం సాబు

నాకు పని నేర్పింది మా మొదటి ఫోర్‌మన్ ఖాసిం సాబు. ఖమ్మం నుంచి మూడు నెలలకొకసారి బస్సులో వచ్చేవాడు. ఎండయినా వానయినా చంకలో గొడుగు ఉండేది. ఎంత తొందర పని చెప్పినా "జల్దీ ఏం లేదమ్మా, ఇవి యాడికి పోవు," అనేవాడు. ఆ ఒక్క మాటే ఆయన తప్పు చెప్పాడు.

చిన్న వలయాలు కూడా పాతవే అని నాకు చూపించింది ఆయనే. ఒక రాయి పక్కన చేత్తో మట్టి తీసి, "చూడు, నిన్న పెట్టిన రాయి కింద మన్ను వదులుగ ఉంటది. ఇది భూమితోని ఒకటైపోయింది. పెద్దోళ్ళకు పెద్ద ఇల్లు, చిన్నోళ్ళకు చిన్న ఇల్లు. బతికినప్పుడు ఎట్లనో సచ్చినంక గూడ గట్లనే," అన్నాడు. అప్పటి నుంచి ఆ ఏడింటినీ నేను పెద్దవాటితో సమానంగా ఊడ్చాను.

ఆయన ఇంకో మాట చెప్పాడు. ఎప్పుడైనా కంచె వేయాల్సి వస్తే, చిట్టచివరి రాయి నుంచి బయటికి ఇరవై అంగలు నడిచి అక్కడ కడీ పాతమన్నాడు. కడీ అంటే తీగ కట్టే రాతి స్తంభం. "అంత దూరం ఎందుకు సాబ్, తీగ దండుగ గదా," అన్నాను. "కంచె రాయి కోసం గాదమ్మా. రాయి చుట్టున్న మన్ను కోసం. వాళ్ళు కుండలు పెట్టింది మన్నులోనే," అన్నాడు. విని తల ఊపాను. తల ఊపడం సులువు. కంచె వేసే రోజు వచ్చేసరికి ఆయన రిటైరయ్యాడు.

జోగమ్మ వాళ్ళ రాళ్ళు

మా ఊరి పక్క అడవి పల్లెలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే, కొన్నాళ్ళకు వాగు నుంచి ఒక నల్లరాయి తెచ్చి, డోలు కొట్టించి, రాకాసి గూళ్ళ దగ్గర నిలబెడతారు. పాతవాళ్ళ పక్కన ఉంటే తోడు ఉంటుందని. ఆ రాయిని చెక్కరు. పేరు ఉండదు, బొమ్మ ఉండదు. ఏ రాయి ఎవరిదో చోటును బట్టే తెలుస్తుంది. ఈ మూల నుంచి మూడోది మా అమ్మ, దాని వెనకది మా చిన్నాయన, అట్లా. ఏడాదికొకసారి వచ్చి నీళ్ళు పోసి, ఇంత ఇప్పపువ్వో బెల్లమో పెట్టి పోతారు.

జోగమ్మ ఆ పల్లె మనిషి. తునికాకు కోసేది, నా దగ్గర అప్పుడప్పుడు గడ్డి కోసే పనికి వచ్చేది. వాళ్ళమ్మ పోయినప్పుడు రాయి తెచ్చి రెండు పెద్ద గూళ్ళ మధ్య నిలబెట్టబోయారు. నేను అడ్డం పోయాను. పాత గూళ్ళ మధ్య కొత్త రాయి పెట్టనివ్వకూడదని మాకు రూలు ఉంది. రూలు మంచిదే. లేకపోతే రేపు ఏది పాతదో ఏది కొత్తదో ఎవరికీ తెలియదు.

"ఇక్కడ వద్దు. అటు దక్షిణం దిక్కు పెట్టుకోండి, చిన్న వలయాల పక్కన," అని చోటు చూపించాను.

"గాడ ఎవరన్న తీసేస్తరేమో అక్కా," అంది జోగమ్మ.

"నేనున్న గదా. నన్ను దాటి ఎవడు ముడతడు?"

అట్లా అన్నాను. తర్వాత పోయినవాళ్ళందరి రాళ్ళూ అక్కడికే వచ్చాయి. ముందు నుంచి గూళ్ళ మధ్య ఉన్నవాటిని కూడా వాళ్ళ పెద్దమనిషి డోలు కొట్టించి, నా మాట మీద అక్కడికే మార్చాడు. మొత్తం ముప్పై నాలుగు. ఆ చోటు వాళ్ళు ఎంచుకోలేదు, నేను ఇచ్చాను.

అర చుట్ట తీగ

ఖాసిం సాబు రిటైరయ్యాక కొత్త ఆఫీసరు వచ్చాడు. నా చిన్నకొడుకు ఈడు. మనిషి చురుకు. అంతకుముందు ఎన్నేళ్ళు అడిగినా రాని కంచె, ఆయన వచ్చిన ఏడాదికే వచ్చింది. ట్రాక్టరు మీద ముళ్ళ తీగ ఆరు చుట్టలు, రాతి కడీలు దింపి పోయారు.

నేను చిట్టచివరి రాయి నుంచి ఇరవై అంగలు నడిచాను. చుట్టూ తిరిగి లెక్క వేసుకున్నాను. ఆరు చుట్టలు ఏ మూలకూ రావు, ఇంకా నాలుగైనా కావాలి. అప్పుడు చేయాల్సిన పని ఒకటే. పని ఆపి, తీగ తక్కువైంది, ఇంకా పంపండి అని ఒక కార్డు ముక్క రాయడం. ఆ మాత్రం అక్షరాలు నాకు వచ్చు.

నేను రాయలేదు. ఎందుకు రాయలేదో చెబుతాను, ఎందుకంటే మీలో కూడా ఈ రోగం ఉన్నవాళ్ళు ఉంటారు. సర్దుకోవడం నాకు గొప్ప. మా ఇంట్లో సబ్బు బిళ్ళను దారంతో మూడు ముక్కలు కోసి వాడేదాన్ని. అగ్గిపెట్టె ఎంత కాలం వచ్చిందో అమ్మలక్కలకు చెప్పుకునేదాన్ని. ఇచ్చినదాంట్లో పని ముగించి, ఇంకా మిగిలించి చూపించాలి, అప్పుడే మనిషి. అట్లా బతికి నలుగురు పిల్లల్ని సాకాను కాబట్టి అది తప్పు కాగలదని నాకు తట్టలేదు.

కంచెను లోపలికి జరిపాను. ఇరవై అంగలు పది చేశాను, పది నాలుగు చేశాను. అయినా చాలలేదు. అప్పుడు దక్షిణం పక్క చిన్న వలయాలను వదిలేశాను. వాటిని ఎవరు ఎత్తుకుపోతారు, చూడ్డానికే రాళ్ళ కుప్పలు కదా, తర్వాత చూద్దాం అనుకున్నాను. ఊరివాళ్ళ రాళ్ళ సంగతి ఆలోచించను కూడా లేదు. నిన్న మొన్న పోయినవాళ్ళకు గవర్నమెంటు తీగ ఎందుకు అనుకున్నానేమో కూడా. పెద్ద గూళ్ళు పదకొండింటి చుట్టూ బిగించి లాగి కట్టించాను. కట్టడం అయ్యాక చూస్తే అర చుట్ట మిగిలింది.

ఆ అర చుట్టను గోనెసంచిలో చుట్టి ఖమ్మం బస్సెక్కాను. ముళ్ళు గుచ్చుకుంటాయని కండక్టరు దింపబోయాడు, నేను దిగలేదు. ఆఫీసులో బల్ల పక్కన పెట్టి, "మిగిలింది సార్, వాపసు తెచ్చిన," అన్నాను. ఆఫీసరు లేచి నిలబడి అందరినీ పిలిచాడు. "చూడండి, ఇట్లాంటివాళ్ళు పదిమంది ఉంటే చాలు మన డిపార్ట్‌మెంటు బాగుపడుతుంది," అన్నాడు. నా ఉద్యోగం మొత్తంలో నన్ను నలుగురిలో మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఇంటికి వచ్చేదాకా నేల మీద నడిచినట్టు లేదు నాకు.

నెల తర్వాత ఆయనే టేపు పట్టుకుని వచ్చాడు. మా గూళ్ళకు రక్షిత కట్టడం అని నీలం బోర్డు ఉంది కానీ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని మ్యాపు ఎప్పుడూ లేదు. ఆయన కంచె వెంబడి కొలిచి తెల్లకాగితం మీద గీశాడు. టేపు రెండో కొస పట్టుకున్నది నేనే. అయిపోయాక ఆయన చెమట తుడుచుకుంటూ దక్షిణం దిక్కు చూసి, "అటు బయట ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగాడు.

ఉన్నాయంటే, మరి తీగ ఎందుకు వాపసు తెచ్చావని అడుగుతాడు.

"పెద్దగ ఏం లెవ్వు సార్," అన్నాను.

ఆయన సంతకం పెట్టాడు.

రోడ్డు

రోడ్డు వద్దని నేను ఎన్నడూ అనలేదు. వానాకాలం అయిదు నెలలు ఆ పల్లెకు బండి పోదు. జోగమ్మ కూతురిని కాన్పుకు మంచం మీద పడుకోబెట్టి నలుగురు మగవాళ్ళు మోసుకుంటూ నా గూళ్ళ పక్క నుంచే తీసుకుపోయారు. దవాఖానాకు పోయేసరికి బిడ్డ దక్కలేదు. అది చూసినదాన్ని రోడ్డు వద్దని ఎట్లా అంటాను?

మొదట సర్వే చేసినప్పుడు ఎర్రగుడ్డ కట్టిన పుల్లలు బాగా దక్షిణంగా, అడవి వారగా పాతారు. అది మంచి దారి. అటు ఊరివాళ్ళ రాళ్ళకూ, ఇటు వలయాలకూ ఏమీ కాదు. కానీ ఆ వారన టేకు చెట్లున్నాయి. ఫారెస్టువాళ్ళు జీపులో వచ్చి, ఒక్క చెట్టు కొట్టినా కేసు అన్నారు. ప్రతి టేకు చెట్టుకు ఒక నంబరు ఉంది, ఆ నంబరు వాళ్ళ పుస్తకంలో ఉంది. నా వలయాలకు నంబరు లేదు. పుల్లలు పీకి ఉత్తరానికి జరిపి, సరిగ్గా నా కంచె వెంబడి పాతారు. అప్పుడు నేను మధిరలో మా కూతురింట్లో పురిటికి ఉన్నాను. తిరిగి వచ్చి పుల్లలు చూసింది శ్రీనివాస్‌తో వాదన జరగడానికి రెండు రోజుల ముందు. ఆ రెండు రోజులూ ఆఫీసరు క్యాంపులో ఉన్నాడని చెప్పారు.

గడ్డపార పట్టుకుని వచ్చినవాడు దగ్గితే పరుగెడతాడని రాశాను కదా. మ్యాపు పట్టుకుని వచ్చినవాడు పరుగెత్తడు. అతను తప్పు చేయడం లేదు. ఆ మ్యాపు అబద్ధం, ఆ అబద్ధం నాది.

ఆ సాయంత్రం

శ్రీనివాస్ గడువు ఇచ్చాక ఆటో ఎక్కి జూలూరుపాడు పోయి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. ఈసారి ఆఫీసరు దొరికాడు.

"కంచె లోపల అన్నీ సేఫే కదా అమ్మా?"

"లోపల సేఫే సార్."

"మరింకేంటి?"

"బయట ఏడు వలయాలున్నయి సార్. పాతయే. ఊరోళ్ళ రాళ్ళు గూడ ఉన్నయి."

"నేను అడిగితే ఏం లేవన్నావు కదమ్మా," అన్నాడు.

"అన్న సార్. అబద్ధం చెప్పిన. తీగ సాలలేదని చెప్పబుద్ధి గాలే."

"ఇప్పుడు మ్యాపు తప్పని నేనెట్లా రాసేది? సంతకం నాది. నువ్వు చెప్పావని రాస్తే నీ ఉద్యోగం పోతుంది."

"పోనియ్యిండ్రి సార్."

"నీది పోతే నాది ఉంటుందా?" అని, మళ్ళీ మెత్తబడి, "సరే, పొద్దున్నే పెద్ద సారుతో మాట్లాడతా. మాట్లాడి ఆ సూపర్‌వైజర్‌కే ఫోన్ చేయిస్తా. నువ్వు ఊరికే హైరానా పడకు," అన్నాడు.

నేను నమ్మాను. ఆయన మాట ఇచ్చేటప్పుడు అబద్ధం చెప్పాడని ఇప్పటికీ అనుకోను. పొద్దునయ్యేసరికి మనిషికి ధైర్యం తగ్గుతుంది, అంతే.

పొద్దు గూట్లో పడకముందే జోగమ్మ వాళ్ళ పల్లెకు పోయాను. ఆమె వాకిట్లో తునికాకు కట్టలు కడుతోంది. సంగతి చెప్పి, "ఏమో, ఎందుకైన మంచిది, మీ రాళ్ళు ఇయ్యాలనే జరుపుకుంటె బాగుంటది," అన్నాను.

"నిలబెట్టిన రాయిని ఊకెనె జరుపుతరా అక్కా? మా పెద్దమనిషి ఉండాలె, డోలు ఉండాలె. పెద్దమనిషేమొ కొత్తగూడెం దవాఖానల పండుకొని ఉండు. నువ్వే గద గాడ పెట్టుకోమన్నవు?"

"నేనే అన్న."

"నన్ను దాటి ఎవడు ముడతడు అన్నవు."

"అన్న."

ఆమె లేచి పొయ్యిలోంచి ఆరిన బొగ్గు ముక్క ఒకటి తీసుకుని నాతో బయలుదేరింది. రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. ముప్పై నాలుగూ వరుసల్లో నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదాని మీద చెయ్యి వేసి ఎవరిదో చెప్పింది. ఒక్కటి కూడా తడుముకోలేదు.

"నీకు అక్షరాలొచ్చు గదక్కా. నేను చెప్త, నువ్వు రాళ్ళ మీద పేర్లు రాయి. రేపు లేపి అవతల పడేసినా ఏది ఎవలదో ఎరుకైతది," అని బొగ్గు నా చేతిలో పెట్టింది.

నేను బొగ్గు పట్టుకుని నిలబడ్డాను. ముప్పై నాలుగు పేర్లు. దీపాలు పెట్టే వేళకు అయిపోయేవి.

"రాళ్ళ మీద రాయొద్దు జోగమ్మా," అన్నాను. "ఇన్నేండ్లు రాసినోళ్ళందరితోని కడిగించిన. ఇయ్యాల నేనే రాస్తనా?"

"గవి నీ గూళ్ళు. ఇవి మా రాళ్ళు. మా రాయి మీద మా అమ్మ పేరు రాస్తె ఎవల సొమ్ము పోతది?"

"పొద్దున ఫోను వస్తది. ఏం గాదు."

"వస్తదా?"

"సారు చెప్పిండు."

"మా అయ్యకు గూడ రోడ్డేస్తమని గట్లనే చెప్పిన్రు. అయ్య పోయినంక ఇగో, ఇప్పుడు ఏస్తున్నరు," అంది. బొగ్గు ముక్కను నా చేతిలోంచి తీసుకుని కంచె కడీ మొదట్లో పెట్టి, "ఉండనీ. బుద్ధి పుడితె రాయి," అని వెళ్ళిపోయింది.

నేను రాయలేదు. నియమం అని చెప్పాను కానీ, నిజం ఇంకొకటి కూడా ఉంది. పేర్లు రాస్తే అవి రేపు లేచిపోతాయని ఒప్పుకున్నట్టు. నాకు ఒప్పుకోవాలని లేదు.

కొత్తగా చేరినవాళ్ళకు ఏదో ఒకటి చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. తక్కువైతే తక్కువైందని రాయండి. ఇచ్చినదాంట్లో సర్దితే మెచ్చుకుంటారు, ఆ మెప్పుకు ఆశపడకండి. కంచె వేసేటప్పుడు లోపల ఏముందో కాదు, బయట ఏం మిగిలిందో చూసుకోండి. ఎందుకంటే మీరు గీసిన గీత వెనక ఉన్నదాన్ని అది ఎంత కాపాడుతుందో తెలియదు కానీ, ముందున్నదాన్ని మాత్రం తప్పకుండా అప్పగిస్తుంది. నియమం దేని కోసం పెట్టుకున్నారో మరచిపోయి నియమాన్ని కాయకండి. ఇవన్నీ ఖాసిం సాబు నాకు ఏదో ఒక విధంగా చెప్పినవే. నేను తల ఊపాను. మీరు కూడా ఊపుతారు. ఇది చదివి ఎవరైనా మారతారన్న ఆశ నాకు లేదు.

తెల్లారి

ఆరున్నరకే పోయాను. ఏడింటికి పొక్లెయిన్ వచ్చింది. శ్రీనివాస్ దాన్ని ఆపి, సెల్లుకు సిగ్నల్ అందుతుందని గుట్ట మీదికి ఎక్కి నిలబడ్డాడు. ఏడున్నర దాకా చూశాడు. దిగి వచ్చి, "నాకైతే రాలేదు పెద్దమ్మా. నీకేమన్నా కబురొచ్చిందా?" అని అడిగాడు. రాలేదన్నాను. ఇంకో పది నిమిషాలు ఆగాడు. తర్వాత డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

ముందు ఊరివాళ్ళ రాళ్ళు లేపారు. పగలగొట్టవద్దని శ్రీనివాస్ చెప్పాడు, ఒక్కటి కూడా పగలలేదు. అన్నిటినీ తెచ్చి కంచె పక్కన ఒక కుప్పగా పోశారు. తర్వాత వలయాలు. ఏడింటికీ కలిపి అరగంట కూడా పట్టలేదు. మూడోదాంట్లో బకెట్టుకు కుండ తగిలింది. లోపల నలుపు, బయట ఎరుపు. పెంకులు దొరికినన్ని కొంగులో ఏరుకున్నాను.

అప్పటికి జోగమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. కుప్ప చుట్టూ రెండుసార్లు తిరిగారు. అన్నీ వాగు నల్లరాళ్ళే. జోగమ్మ ఒక రాయి మీద చెయ్యి వేసి తీసేసింది. ఇంకొకదాని మీద వేసి తీసేసింది.

"మా అమ్మది ఏదక్కా?" అంది.

నాకు తెలియదని చెప్పాను.

"మూల నుంచి మూడోది," అని చదునైన నేల వైపు చూసింది. అక్కడ మూల లేదు. బొగ్గు ముక్క కడీ మొదట్లో పెట్టినచోటే ఉంది. ఆమె దాన్ని చూసింది, నేనూ చూశాను. వాళ్ళు ఏ రాయినీ తీసుకోకుండా వెళ్ళిపోయారు.

పది గంటలకు టిప్పరు వచ్చి కంకర పోసింది. పెంకులు గుడ్డలో కట్టి నా గదిలో పెట్టాను. తర్వాత పొరక తీసుకుని కంచె లోపలికి పోయి, పదకొండు గూళ్ళూ ఊడ్చాను.